అంచు చూపించే దీపాలు

పికరింగ్, యార్క్‌షైర్
మే 8, 1988

ఒరేయ్ క్లైవ్,

షెడ్డులో ఉన్నది ఇప్పుడు కారులా కనిపిస్తోంది. నిరుడు నువ్వొచ్చి "స్నానాలతొట్టికి చక్రాలు తగిలించావేంటక్కా" అని నవ్విపోయావే, ఆ తొట్టికి ఇంజను కూర్చుంది, స్టీరింగ్ కూర్చుంది, నిన్న మొదటిసారి నేనూ కూర్చున్నాను. కాలేజీలో పాతికమంది పిల్లల ముందు చరిత్ర పాఠం చెప్పేటప్పుడు కూడా నాకింత గర్వం కలగలేదు.

బేసిల్ మామయ్య నడిపిన అసలు హాల్డెన్ కారు మనకెలాగూ రాదు. మిగిలిన ఆ కాసిని కార్లూ ఎవరెవరి గారేజీల్లోనో దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నాయి. మాబోటి వాళ్ళకి ఫైబర్ బాడీ, పాత వ్యానులోంచి ఊడబీకిన ఇంజను, బోలెడంత ఓపిక. కానీ పాత కార్లకి నకళ్ళు కట్టే మా క్లబ్బులో నకలు అంటే నకలే. నా దగ్గరున్నది ఒకే ఒక్క ఫొటో. నీకూ తెలుసు, విట్‌బీలో హోటల్ ముందు తీసింది. మామయ్య స్టీరింగ్ దగ్గర, పక్కన తలకి రుమాలు కట్టుకుని ఒళ్ళో మ్యాపు పలకతో దారి చెప్పే అమ్మ. భూతద్దం పెట్టి రివెట్లు కూడా లెక్కపెట్టాను. ముందు జాలీకి అడ్డంగా ఒక కడ్డీ, కడ్డీ మీద మంచులో దారి చూపే ఫాగ్ లైట్లు రెండు. అవే ఇప్పుడు తక్కువ.

అవి నీ దగ్గరున్నాయి. మామయ్య పోయాక కారు అమ్మేసిన రోజున అమ్మ రెంచి పట్టుకుని వాటిని ఊడదీసుకోవడం నాకింకా గుర్తు. తర్వాత నువ్వు ముద్దుల కొడుకువి కాబట్టి నీకిచ్చింది. సరే, ఇప్పుడు పంపించు.

ఇంకో సంగతి. ఏప్రిల్లో నీ దగ్గర్నుంచి వచ్చినప్పటినుంచీ అమ్మది ఒకటే పాట. క్లబ్బు వాళ్ళు నవంబర్లో పొగమంచు దారిలో కార్లు నడుపుతారు కదా, అందులో తను నా పక్కన కూర్చుని దారి చెబుతుందట. "ఈ నవంబరే. వచ్చే ఏడు కాదు" అంటోంది. ఎందుకంత తొందర? గుండె సంగతేమైనా నా దగ్గర దాస్తోందా? నీకేమైనా చెప్పిందా?

ప్రేమతో,
హిలరీ

ఎక్సెటర్
మే 19

అక్కా,

అమ్మ గుండెకి ఢోకా లేదు. ఇక్కడున్న వారం రోజులూ నన్ను కొండెక్కించి దింపింది, ఆయాసం నాకే వచ్చింది.

దీపాల సంగతి. అవి నా కళ్ళద్దాల దుకాణం కిటికీలో ఉన్నాయి. వాటి మధ్యన అద్దాలు పెట్టుకున్న గుడ్లగూబ బొమ్మ కూర్చుని ఉంటుంది. ఊళ్ళో పిల్లలు "రెండు పసుపు కళ్ళ షాపు" అంటే చాలు, దారి చెప్పేస్తారు. అవి తీసేస్తే గుడ్లగూబ ఒంటరిదైపోతుంది. నకలు కారుకి నకలు దీపాలే అందం. కొత్తవి దొరుకుతాయి, కొనుక్కో.

నవంబర్ మాట మాత్రం నాకు నచ్చలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని పైకప్పు లేని బండిలో, ఆ చలిలో, ఆ మంచులో తిప్పుతావా? వేసవిలో ఓ ఆదివారం బీచి దాకా తీసుకెళ్ళి ఐస్‌క్రీము తినిపించు. సరదా తీరుతుంది.

క్లైవ్

పికరింగ్
జూన్ 26

ఒరేయ్ పిసినారీ,

కొన్నాను నీ నకలు దీపాలు. కొన్నాక ఏమైందో చెబితే నీ గుడ్లగూబ కూడా నవ్వుతుంది.

కడ్డీ బిగించడానికి కారు ముక్కు మీద డ్రిల్లు పెట్టానో లేదో ఫైబర్ మీద సాలెగూడులా చిన్న చిన్న పగుళ్ళు. మా క్లబ్బు కార్యదర్శి సిరిల్ వచ్చి చూసి, "లోపలివైపు ఉక్కు రేకు వెయ్యకుండా ఇక్కడ బోల్టు బిగిస్తారా తల్లీ? ఇది గుడ్డుపెంకు!" అన్నాడు. సరే, రేకు వేశాను, దాని మీద కడ్డీ నిలబెట్టాను, దీపాలు బిగించాను, తీగ లాగాను, స్విచ్చి వేశాను. చీకటి. బల్బు మార్చాను. చీకటి. ఫ్యూజు మార్చాను. మళ్ళీ చీకటే. ఓ పూటంతా బానెట్ కింద తల దూర్చి కూర్చున్నాను.

అమ్మ టీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే, వెలగలేదా?"

"పాత ఫొటోలో ఎలా ఉందో అలాగే వేశానమ్మా. ఒక్కో దీపానికి ఒక్కో తీగే. మామయ్య కారుకీ అంతేగా!"

"మీ మామయ్య కారు ఇనుముదే పిచ్చిదానా! దీపంలోకి వెళ్ళిన కరెంటు ఒంటి మీదుగా వెనక్కొచ్చేసేది. నీ ప్లాస్టిక్ తొట్టిలో అది ఎటు నుంచి వస్తుంది? తిరిగొచ్చే తీగ వెయ్యి."

ఎర్త్! నల్ల తీగ ఒకటి అడుగున ఉన్న ఇనుప చట్రానికి, అదే ఛాసిస్‌కి కలపగానే వెలిగాయి. సిరిల్ ఈ సంగతి క్లబ్బంతా చాటేశాడు. ఫైబర్ కారు కట్టిన ప్రతివాడూ జీవితంలో ఒక్కసారి చేసే తప్పట ఇది, ఇప్పుడు నేను నిజంగా సభ్యురాలినయ్యానట.

ఆలోచిస్తే విచిత్రంగా అనిపించింది. అసలు దానికి ఏ తీగా అక్కర్లేకుండా జరిగిపోయేదానికి, నకలుకి వేరే దారి వెయ్యాలి. సరేలే, నాకు ప్రతి బోల్టులోనూ వేదాంతం కనిపిస్తుందని నువ్వెలాగూ వెక్కిరిస్తావు.

అమ్మ మాత్రం ఈమధ్య ఆటపట్టిస్తోంది. వెళ్ళబోతూ కారు మీద చెయ్యేసి, "ఆకుపచ్చ అచ్చం అలాగే కుదిరిందే" అంది. నేనింకా రంగే వెయ్యలేదురా. ఒంటినిండా బూడిద రంగు ప్రైమరే ఉంది. హాస్యమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. త్వరగా రంగు వెయ్యమని దెప్పిందేమో?

హిలరీ

ఎక్సెటర్
జూలై 10

అక్కా,

నీ జూన్ ఉత్తరం చాలాసార్లు చదివాను.

మళ్ళీ చెబుతున్నాను, నవంబర్లో అమ్మని తీసుకెళ్ళకు. ఆ సిరిల్‌ని ఎక్కించుకో, ఎవర్నైనా ఎక్కించుకో. దారి చెప్పేవాళ్ళని నమ్మి నువ్వు మలుపు తిప్పుతావు. ఆ మాట ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుందో ఆలోచించు. పక్కన రాతిగోడలు, గుంటలు, రోడ్డు మీద పడుకున్న గొర్రెలు.

కారణం అడగకు. నా దగ్గర కారణం ఉంది, చెప్పే హక్కు లేదు. అమ్మనే అడుగు. అడిగితే చెబుతుందో లేదో నాకు తెలీదు.

దీపాలు పంపను. పంపితే ఒప్పుకున్నట్టవుతుంది.

క్లైవ్

పికరింగ్
సెప్టెంబర్ 18

క్లైవ్,

రెండు నెలలు జవాబు రాయలేదు. మొదట కోపం, తర్వాత పంతం, ఆ తర్వాత రంగు పని. మంచి సంగతి ముందు చెబుతాను. పోయిన శనివారం మా క్లబ్బు ప్రదర్శనలో నా హాల్డెన్‌కి మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు ఫొటో పక్కన పెట్టుకుని చుట్టూ తిరిగారు. దీపాల కడ్డీ ఎత్తు స్కేలుతో కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదట.

అమ్మని పిలిచి ఫొటో చేతికిచ్చాను. "చూడమ్మా, అదీ ఇదీ ఒకటేనా కాదా?" ఫొటో వైపు చూసి, "అచ్చం" అంది. ఆ ఒక్క మాట కోసమేరా మూడేళ్ళుగా వేళ్ళు కోసుకున్నది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అమ్మని ఎక్కించుకుని కొండ మీది గడ్డిమైదానం గుండా పోయే విట్‌బీ రోడ్డెక్కాను. ఎండ బాగానే ఉంది. సగం దారిలో సముద్రం వైపునుంచి మంచు లేచింది. ఈ సముద్రపు మంచు, ఫ్రెట్, ఎలా వస్తుందో నీకు చెప్పక్కర్లేదు, నీళ్ళలో పాలు పోసినట్టు. ఇదే సమయం అనుకుని ఫాగ్ లైట్లు వేశాను.

ఎదురుగా తెల్లగోడ లేచింది. రోడ్డు లేదు, బానెట్ కూడా లేదు. బ్రేకు తొక్కాను.

"ఏమైందే?"

"ఏమీ కనిపించట్లేదమ్మా. లైట్లు వేశాక ఇంకా తెల్లగా అయిపోయింది."

"ఎంత ఎత్తులో పెట్టావు?"

"ఫొటోలో ఉన్నంత ఎత్తులోనే. విట్‌బీ హోటల్ ముందు తీసిన ఫొటో."

నవ్వడం మొదలెట్టింది. ఆ మంచులో, నడిరోడ్డు మీద, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"అది పేపరువాడు తీసిన ఫొటోనే! బంపరు కిందున్న దీపాలు వాడికి బొమ్మలో పడట్లేదట. మీ మామయ్యని బతిమాలి, పైకెత్తించి కడ్డీకి కట్టించాడు. వాడు వెళ్ళిపోయాక మళ్ళీ కిందకి దింపడానికి వర్షంలో పడుకుని మీ మామయ్య తిట్టని తిట్టు లేదు. పైన పెడితే వెలుగంతా మంచుకి తగిలి మన మొహానే కొడుతుంది. అది ఎవరికి తెలీదు?"

నాకు తెలీదు. మా న్యాయనిర్ణేతలకీ తెలీదు. కాగితం మీద ఉంది కాబట్టి నిజమనుకున్నాం. పైగా చరిత్ర చెప్పడం నా వృత్తి.

తను కారు దిగింది. దిగడం చూశానురా. తలుపు గొళ్ళెం కోసం చేత్తో తడిమింది. మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి, దాన్నే పట్టుకుని ముందుకి నడిచింది. దీపాల్ని వేళ్ళతో తాకి, "ఇక్కడ కాదు" అంది. వంగి బంపరు కింద, మోకాలికన్నా దిగువన తట్టి, "ఇక్కడ" అంది.

నేనప్పుడే అడిగాను. "నిన్న ఫొటో చూసి అచ్చం అన్నావు కదమ్మా. దీపాలు తప్పు చోట ఉన్నాయని నిన్నే ఎందుకు చెప్పలేదు?"

బంపరు పట్టుకుని లేచి నా వైపు తిరిగింది.

"నాకు ఫొటో కనపడదే హిలరీ. దేని వైపు చూస్తే దాని మీద ఎవరో బొటనవేలు అద్దినట్టు మసక. చుట్టూ ఉన్నది తెలుస్తుంది. ఇప్పుడు నీ చెవులు కనిపిస్తున్నాయి. మొహం లేదు."

"క్లైవ్‌కి తెలుసా?"

"వాడే కదే పరీక్ష చేసి చెప్పింది. ఒట్టు వేయించుకున్నాను. నీకు తెలిస్తే కారు మూలన పడేసి నన్ను కుర్చీలో కూర్చోబెడతావని."

అందుకే ఈ నవంబర్. వచ్చే ఏడాదికి చూపు ఎంత మిగులుతుందో తెలీదన్నావట.

నీ మీద కోపం లేదు. ఒక పూట ఉంది, పోయింది. ఆవిడ కళ్ళకి చూపించాలని మూడేళ్ళు కట్టాను, ఆ కళ్ళు చూడనే లేదు. ఇంటికెళ్ళి ఏడుద్దామనుకున్నాను. కానీ ముందు ఇంటికి చేరాలి కదా! లైట్లు ఆర్పేసి మెల్లగా బయల్దేరాను. అమ్మ తన పక్కనున్న ఎడమ తలుపు మీంచి బయటికి వంగింది.

"నువ్వెందుకే మధ్యలోకి గుడ్లప్పగించి చూస్తావు? మంచులో మధ్యలో ఎవడికీ ఏమీ కనపడదు. అంచు చూడాలి. గడ్డి... గడ్డి... రాయి వస్తోంది, కుడికి జరుగు... ఆఁ, గడ్డి..."

అలా ఇంటిదాకా చెబుతూనే ఉంది. ఒక్కసారి కూడా చక్రం రోడ్డు దిగలేదు. నాకున్న రెండు కళ్ళకీ కనపడని అంచు ఆవిడకి కనిపిస్తోంది. మిగిలింది అదే కాబట్టి దాన్ని పొదుపుగా, జాగ్రత్తగా వాడుతోంది.

నా సంగతి నీకు తెలుసు. ఉప్పు వెయ్యాలా వద్దా అని కూడా రెండుసార్లు ఆలోచిస్తాను. దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. అమ్మని తీసుకెళ్తున్నాను. నడిచే వేగంతో వెళ్తాను, ఆగమంటే ఆగుతాను.

ఇప్పుడు దీపాలు నిజంగా కావాలి, ఫొటో కోసం కాదు. నేను కొన్నవాటి వెలుగు గొట్టంలోంచి వచ్చినట్టు తిన్నగా ముందుకి పోతుంది. మామయ్య దీపాల గాజు మీద నిలువు గాట్లు ఉంటాయట, వెలుగు రెండు పక్కలకీ పరుచుకుంటుందట. అమ్మకి పక్కలే కావాలి.

కిందకి దింపితే బహుమతి వెనక్కివ్వాల్సి వస్తుందని సిరిల్ గొణుగుతున్నాడు. పట్టుకెళ్ళమన్నాను.

హిలరీ

ఎక్సెటర్
అక్టోబర్ 9

అక్కా,

పార్సెల్ విడిగా పంపాను. గడ్డి బాగా కూరాను, జాగ్రత్తగా విప్పు.

దీపాల లోపల మసకబారిన అద్దాలకి మళ్ళీ పూత వేయించాను. గాజులు నేనే కడిగాను. అవి ఎలా పరుస్తాయో చూద్దామని దుకాణం మూసాక గోడ మీద వెలిగించాను. నువ్వు చెప్పింది నిజం. మధ్యన పెద్దగా ఏమీ లేదు, ఈ చివర్నుంచి ఆ చివరకి వెడల్పాటి పట్టీ. ఏళ్ళ తరబడి కిటికీలో పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా వెలిగించి చూడలేదు.

పాతవి కాబట్టి ఒక్కో తీగే ఉంది. నల్ల తీగలు నేను అతికించాను. చివర్న కొక్కేలు కూడా వేశాను. ఛాసిస్‌కి బిగించు. బాడీకి బిగించి మళ్ళీ ఓ పూట చీకట్లో కూర్చోకు.

ఏప్రిల్లో పరీక్ష చేశాక అమ్మ మొదట అడిగింది ఏంటో తెలుసా? "ఎన్నాళ్ళు?" అని కాదు. "మంచు కనిపిస్తుందా?" అని. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏదో చెప్పాను. ఇంట్లో కూర్చుంటే ఆ చూపు ఎక్కువ కాలం ఉంటుందా అని కూడా ఆవిడే అడిగింది. ఉండదని నిజమే చెప్పాను. ఆ నిజం తెలిసీ మీ ఇద్దర్నీ ఆపాలని చూశాను. భయం అక్కా, అంతే. రోజూ పదిమందికి ధైర్యం చెప్పే కుర్చీలోనే కూర్చుంటాను.

మ్యాపు చదవడం మాత్రం ఆవిడ వల్ల కాదు. బయల్దేరే ముందు దారి కాగితం ఇస్తారుగా, నువ్వే గట్టిగా చదివి వినిపించు. ఆ రోడ్లన్నీ ఆవిడకి నోటికి వచ్చు.

గుడ్లగూబ నిన్ను తిడుతోంది.

క్లైవ్

పికరింగ్
నవంబర్ 14

ఒరేయ్ క్లైవ్,

అందరికన్నా ఆఖరున వచ్చాం. సంతోషంగా ఉంది. ఇక మొదట్నుంచీ విను.

తెల్లవారేసరికి ఊరి మధ్య బజారు వీధిలో కార్లన్నీ నిలబడ్డాయి. ఎదుటివాడి టోపీ కనపడనంత మంచు. అందరూ చచ్చేంత ఆనందంగా ఉన్నారు. దారి కాగితం ఇవ్వగానే నేను చదవడం మొదలెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని తల ఊపింది. "ఊఁ... పశువుల్ని ఆపే ఇనుప జాలీ దాటాక ఎడమ... ఊఁ... రాతి వంతెన... తర్వాతది చదవక్కర్లేదు, నాకు తెలుసు." పక్క కారులో సిరిల్ కొత్త మ్యాపు పలక, దానికో చిన్న దీపం పెట్టుకుని మమ్మల్ని జాలిగా చూశాడు.

దీపాలు బంపరు కింద, అమ్మ తట్టిన చోటే బిగించాను. మైదానం ఎక్కగానే వేశాను. తెల్లగోడ లేవలేదు. నేల మీద, మంచుకి దిగువన, పసుపుపచ్చ వెలుగు చాపలా పరుచుకుంది. ఎడమ పక్క గడ్డి ఒక్కో పోచా కనిపించింది.

అమ్మ, "ఆఁ. ఇదీ" అంది. ఆ తర్వాత పని మొదలెట్టింది. గడ్డి, గడ్డి, రాయి, గొర్రె, ఆగు, పోనీ, గడ్డి. నేను మధ్యలోకి చూడటం మానేశాను. భయం కూడా మానేశాననుకుంటాను. ఎప్పుడు మానేశానో తెలీదు.

వంతెన దగ్గర సిరిల్ ఆగిపోయి ఉన్నాడు. ఫొటోలో ఉన్నట్టు ఎత్తున పెట్టిన దీపాలతో తన తెల్లగోడని తనే వెలిగించుకుని కూర్చున్నాడు. మ్యాపు ఉంది, రోడ్డే లేదు.

అమ్మ తల బయటపెట్టి అరిచింది. "సిరిల్ అబ్బాయ్! ఆ లైట్లు ఆర్పి మా వెనకాలే రా!"

వచ్చాడు. తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత ఇంకొకడు. మా వెనక ఊరేగింపు తయారైంది. అమ్మ మహారాణిలా చెయ్యి చాపి, "ఇక్కడ ఎడమ!" అంది. తిప్పాను. అందరూ తిప్పారు. కాసేపటికి గడ్డి పోయింది, బురద వచ్చింది. బురద పోయింది, బాతులు వచ్చాయి. పెద్ద బాతులు, మెడలు చాచి, బుసకొడుతూ. నాలుగు కార్లమూ ఎవరి పెరట్లోనో నిలబడ్డాం.

తలుపు తెరిచి రబ్బరు బూట్లతో ఒకావిడ వచ్చింది. "హోటలనుకున్నారా ఏంటి?"

"ఈ ఇల్లెప్పుడు కట్టారు?" అమ్మ నిలదీసింది.

"అరవై ఎనిమిదిలో."

"అదీ సంగతి! నేను తిరిగే రోజుల్లో ఇది రోడ్డు."

ఆవిడ నవ్వి అందరికీ టీ, అల్లం కేకూ పెట్టింది. సిరిల్ బాతులకి భయపడి కారు దిగలేదు, కేకు కారులోకే అందించాం. అక్కడ్నుంచి రోడ్డు మీదకొచ్చాక ఇంకెక్కడా తప్పలేదు.

విట్‌బీ చేరేసరికి మిగతావాళ్ళు భోజనాలు కూడా ముగించారు. అదే హోటల్ ముందు నిలబెట్టి సిరిల్ కెమెరా తీశాడు. చూసి, "దీపాలు బొమ్మలో పడట్లేదండీ, కొంచెం పైకి..." అని నసిగాడు.

"పడక్కర్లేదు. తియ్యి" అంది అమ్మ.

ఆ ఫొటో ఇందులో పెట్టాను. దీపాలు లేవు. రుమాలు కట్టుకున్న ముసలావిడ, ఎదురుగా కెమెరా వైపు కాకుండా ఎటో పక్కకి చూస్తోంది. ఎవరైనా నాలాంటి వాళ్ళు ఎప్పుడో భూతద్దం పెట్టి చూస్తే, ఆవిడ ధ్యాస ఇక్కడ లేదని రాస్తారేమో. సిరిల్ మొహం చూడాలని పక్కకి చూసిందిరా.

బహుమతి మొన్న వెనక్కిచ్చేశాను. సిరిల్ తీసుకుని, "బంపరు కింద ఎలా బిగించారో ఓసారి చూపిస్తారా?" అని మెల్లగా అడిగాడు.

వచ్చే ఏడాది ఎలా ఉంటుందోనని అమ్మని అడగాలనిపించింది నాకు, అడగలేదు. కింద అమ్మ తనే రాస్తానంది. లావుపాటి కలం కొనిచ్చాను. పేజీ అంచులు చూసుకుంటూ రాస్తోంది.

హిలరీ

క్లైవ్,
మీ అక్క బాగా నడుపుతుంది. మాట ఎక్కువ. ఎడమ దీపం ఇంకో వేలెడు కిందకి దింపాలి. తను వంచలేకపోతోంది, బోల్టు బిగుసుకుంది. వచ్చే నవంబర్‌కి ముందు నువ్వొచ్చి దింపు. కళ్ళు ఎంత ఉంటే అంతతో చెబుతాను. బాతులున్న సందు ఇప్పుడు నాకు తెలుసు.
అమ్మ